బిల్లు అడగలేని చోట హక్కుల బోధ

ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం, మార్చి 15న ప్రపంచ వినియోగదారుల హక్కుల దినోత్సవం జరుపుతారు. 1986లో వినియోగదారుల పరిరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజు మొదటిది. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనడీ వినియోగదారుల హక్కుల మీద ఆ దేశపు చట్టసభకు సందేశం పంపిన రోజు రెండోది. ఆ రోజుల్లో కలెక్టరేట్లలో, కాలేజీల్లో, మండల కేంద్రాల్లో జరిగే సభల్లో వక్తలు మారతారు గాని మాట మారదు. జనానికి అవగాహన లేదు, అందుకే మోసపోతున్నారు. కాబట్టి బిల్లు అడగండి, ఎమ్మార్పీ చూడండి, గడువు తేదీ చదవండి, తూకం గమనించండి, మోసం జరిగితే ఫిర్యాదు చేయండి. ‘మేలుకో వినియోగదారుడా’ అనే పిలుపులోనే ఒక తీర్పు ఉంది. కొనేవాడు నిద్రపోతున్నాడని, లేచి కూర్చుంటే సగం అన్యాయం అదే ఆగిపోతుందని ఆ తీర్పు సారాంశం. ఎవరికీ నొప్పి కలిగించని మాట కాబట్టి ఇది అందరికీ నచ్చుతుంది. వ్యాపారి చప్పట్లు కొడతాడు, అధికారి నివేదిక రాసుకుంటాడు, పత్రిక ఫొటో వేస్తుంది. అనంతపురం కరువు సీమ బతుకును కాస్త దగ్గరగా చూస్తే ఈ తీర్పు నిలవదు. ఇక్కడ కొనేవాడు మోసపోయేది తెలియక కాదు. తెలిసీ నోరు మెదపలేని స్థితిలో కొంటున్నాడు. ఆ స్థితిని మార్చకుండా అవగాహన పెంచుతామనడం, కాళ్లు కట్టేసినవాడికి నడక లాభాలు చెప్పడమే.

తెలియదన్న మాటనే ముందు పరీక్షకు పెడదాం. యూరియా కొరత ఉన్న నెలల్లో బస్తా కావాలంటే దానితోపాటు జింకు పొట్లమో, ఏదో బయో మందు డబ్బానో తీసుకోవాల్సిందేనని అంగళ్లలో చెప్పడం మామూలు. రైతులు దీనికి ‘లింకు’ అని పేరు పెట్టుకున్నారు. చీనీకాయల మార్కెట్లో తూకం మీద అదనంగా లాక్కునే దానికి ‘సూటు’ అని పేరు ఉంది. మండీలో కోసేదానికి ‘తరుగు’ అని పేరు ఉంది. పేరు పెట్టి పిలుచుకునే మోసాన్ని తెలియని మోసం అనగలమా? ఒక సరుకు కావాలంటే ఇంకో సరుకు కొనాలని షరతు పెట్టడం నిర్బంధ వర్తక విధానమని 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం చెబుతోంది. రైతుకు ఆ నిబంధన అంకె తెలియకపోవచ్చు. ఆ డబ్బా తన పైరుకు అక్కర్లేదని మాత్రం బాగా తెలుసు. దాని ధర ఎంత ఎక్కువో కూడా తెలుసు. అయినా కొంటాడు, ఎందుకంటే పైరుకు యూరియా పడాల్సిన అదును దాటితే బస్తా దొరికినా లాభం లేదు. ఇక్కడ లోపించింది జ్ఞానం కాదు, వద్దని వెళ్లిపోగల వెసులుబాటు. సభలో ఎంతసేపు హక్కుల గురించి చెప్పినా ఆ వెసులుబాటు రాదు.

ఆ వెసులుబాటు ఎందుకు లేదో తెలియాలంటే ఈ సీమ లెక్కలు చూడాలి. అనంతపురం, 2022 ఏప్రిల్‌లో దాన్నుంచి విడివడిన శ్రీ సత్యసాయి జిల్లా, రెండూ పడమటి కనుమల వానచాటున ఉన్నాయి. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అదీ ఏ నెలలో పడుతుందో, రెండు వానల నడుమ ఎన్ని వారాలు బెట్ట పడుతుందో చెప్పలేం. దశాబ్దాల తరబడి మెట్ట పొలాలన్నీ ఎక్కువగా వేరుశెనగ మీదే నడిచాయి. ఈ పంటలో విత్తనమే పెద్ద ఖర్చు. ఎకరాకు యాభై, అరవై కిలోల పప్పు భూమిలో వేయాలి. రూపాయి చేతికి వచ్చేది ఏడాదికి ఒకసారి, అదీ పంట పండితే. ఖర్చు మాత్రం ముంగారు మొదలవగానే మీద పడుతుంది. బ్యాంకు పంట రుణం చాలామందికి పాత బాకీ తిరగరాయడంతోనే సరిపోతుంది. కౌలుదారుకు పట్టా లేదు కాబట్టి ఆ గడప ఎక్కడమే కష్టం. ఇక మిగిలింది అంగడి ఖాతా. మందులంగడి యజమాని విత్తనం, ఎరువు, పురుగుమందు అమ్మేవాడు, వాటిని అప్పుకిచ్చేవాడు, చాలాచోట్ల పంటను కొనేవాడు లేదా కొనేవాడిని చూపేవాడు కూడా. మూడు పాత్రలూ ఒకే మనిషివి. రొక్కానికి ఒక ధర, అప్పుకు ఒక ధర. బిల్లు రాస్తే అప్పు ధరలో కలిసిపోయిన వడ్డీ కాగితం మీదికి వస్తుంది. అందుకే చిత్తుకాగితం మీద రాసిన చీటీ తప్ప బిల్లు ఉండదు. బిల్లు ఇవ్వమని గట్టిగా అడిగినవాడికి వచ్చే సాలు ఖాతా ఉంటుందన్న నమ్మకం లేదు. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అని సభల్లో సామెత చెబుతారు. అమ్మకు మనం బాకీ లేం, అంగడికి ఉన్నాం.

చట్టం రాసినవాళ్లకు ఈ అప్పు సంగతి తెలియదనుకోవద్దు. డబ్బు చెల్లించినవాడే కాదు, చెల్లిస్తానని మాట ఇచ్చినవాడు, కొంత చెల్లించి కొంత బాకీ పెట్టినవాడు కూడా వినియోగదారుడేనని నిర్వచనంలోనే ఉంది. విత్తనాలు అమ్మే ప్రతి డీలరూ కొన్నవాడికి రొక్కపు రసీదు గాని, అప్పు రసీదు గాని తప్పనిసరిగా ఇవ్వాలని 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోనూ అదే మాట ఉంది. నిల్వలు, ధరలు అంగడి ముందు బోర్డు మీద రాయాలని కూడా ఈ ఉత్తర్వులు చెబుతున్నాయి. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వర్తక విధానమని 2019 చట్టం కొత్తగా చేర్చింది. ఇన్ని చోట్ల రాసినదంతా అమ్మేవాడి బాధ్యత గురించే. కొనేవాడు అడిగితేనే ఇవ్వాలని ఏ ఉత్తర్వులోనూ లేదు. అడిగినా అడగకపోయినా ఇవ్వాల్సిందే. అలాంటప్పుడు ‘బిల్లు అడగండి’ అని రైతుకు బోధించడమంటే, చట్టం అంగడి మీద పెట్టిన బరువును మెల్లగా దించి కొనేవాడి నెత్తికెత్తడమే. నలభై ఏళ్లుగా తప్పనిసరిగా ఉన్న పని ఎందుకు జరగడం లేదని లైసెన్సు ఇచ్చిన శాఖను నిలదీయాల్సిన చోట, అడగలేని మనిషిని అమాయకుడని జాలిపడుతున్నాం.

ఎంచుకునే హక్కు సంగతీ ఇంతే. నాలుగు అంగళ్లు తిరిగి, ధరలు బేరీజు వేసి, నాణ్యత చూసి కొనమంటారు. పట్నంలో ఫ్రిజ్జు కొనేవాడికి ఆ సలహా పనికొస్తుంది. మెట్ట సేద్యంలో కొనుగోలు తేదీని నిర్ణయించేది వాన. పదునైన వాన పడిందంటే ఎర్రనేలలో తడి నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే గొర్రు కట్టాలి. ఊరంతా ఒకేసారి విత్తనానికి పరుగెత్తుతుంది. సర్కారు సబ్సిడీ విత్తనం సమయానికి వస్తే దాని దగ్గర వరస, రాకపోతే అంగడి దగ్గర వరస. అప్పు పుట్టే అంగడి ఒకటే అయినప్పుడు నాలుగు అంగళ్లు తిరగమనడానికి అర్థం లేదు. పైగా వేరుశెనగలో ఇంకో చిక్కు ఉంది. నూనెకు, తిండికి కొన్న కాయలనే ఏరి శుభ్రం చేసి విత్తనమని చెప్పి అమ్మితే, కాగితం మీద అది మామూలు సరుకు. ట్యాగు ఉండదు, లాటు నంబరు ఉండదు, మొలక శాతం రాసి ఉండదు. కొన్న రైతుకు ఆ తేడా తెలుసు. ధర తక్కువగా, అప్పుగా, ఆ రోజే దొరుకుతుంది కాబట్టి తీసుకుంటాడు. అజ్ఞానంతో తీసుకున్నాడని అనేవాళ్లు, పదును ఆరిపోతుంటే తామైతే ఏం చేస్తారో చెప్పాలి.

కరువు సీమకే ప్రత్యేకమైన కష్టం ఇంకొకటి ఉంది. ఇక్కడ అమ్మేవాడి తరఫున ఎప్పుడూ సిద్ధంగా ఉండే సాక్షి ఆకాశం. విత్తనం మొలవకపోతే పదును చాలలేదంటారు. మొలిచి కాయ పట్టకపోతే ఊడలు దిగే వేళ బెట్ట పడిందంటారు. మందు కొట్టినా పురుగు చావకపోతే కొట్టిన మర్నాడు వాన కడిగేసిందంటారు, లేదంటే ఎండకు మందు పనిచేయలేదంటారు. వీటిలో ఒక్కటీ అసాధ్యం కాదు. అందుకే ఇది బలమైన అడ్డు. కాలువ కింది పొలంలో విత్తనం చెడితే తప్పు విత్తనానిదేనని తేల్చడం కొంత తేలిక. ఏ సాలూ వాన సరిగా పడని చోట ప్రతి నాసిరకం సరుకుకూ ప్రకృతి పూచీ దొరుకుతుంది. రైతు కూడా సగం నమ్ముతాడు, ఎందుకంటే వాన తక్కువైన మాట నిజమే. ఈ చిక్కుముడిని రైతు కంటిచూపుతో, లేబులు చదివే నేర్పుతో విప్పలేం. అదే లాటు విత్తనం నమూనా ఎక్కడో భద్రంగా ఉండాలి. దాన్ని ప్రయోగశాలలో మొలకెత్తించి చూడాలి. అదే లాటు వేరే ఊళ్లో ఎలా మొలిచిందో కనుక్కోవాలి. ఈ మూడూ అమ్మేవాడు, కంపెనీ, ప్రభుత్వం చేయగల పనులు. ఉన్న విత్తనమంతా భూమిలో వేసిన రైతు వల్ల అయ్యేవి కావు.

ఈ మాట సుప్రీంకోర్టు ఎప్పుడో అన్నది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులు జిల్లా ఫోరాల్లో మొదలై, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ దాటి సుప్రీంకోర్టుకు చేరాయి. 2012 జనవరిలో తీర్పు వచ్చింది. పంట పండించి అమ్ముకునేవాడు వ్యాపారం కోసం కొన్నవాడు కాబట్టి వినియోగదారుడు కాడని, విత్తనాల సంగతి చూసుకోవడానికి 1966 నాటి విత్తనాల చట్టం ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరాలకు అధికారం లేదని, విత్తనాన్ని ప్రయోగశాలకు పంపి పరీక్షించలేదు కాబట్టి ఫిర్యాదు నిలవదని కార్పొరేషన్ వాదించింది. మూడు వాదనలనూ కోర్టు తోసిపుచ్చింది. రైతు తాను కొన్న విత్తనమంతా నాటుతాడే గాని, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తుందేమోనని కొంత దాచిపెట్టడు. అదే లాటు విత్తనం కార్పొరేషన్ దగ్గర ఉన్నప్పుడు పరీక్షకు పంపించమని కోరాల్సింది అదేనన్నది తీర్పు సారం. దీన్ని రైతులు గెలిచిన కేసుగా మాత్రమే చూడకూడదు. రుజువు ఎవరి దగ్గర ఉండగలదో, బాధ్యత వాళ్ల మీదే ఉండాలన్న సూత్రం అందులో ఉంది. ఆ సూత్రాన్ని ఊరి స్థాయికి తెచ్చి ఉంటే, ముంగారు విత్తనం అమ్మకానికి రాకముందే ప్రతి లాటు నుంచి నమూనా తీసి ముద్ర వేసి మండలంలో భద్రపరిచే ఏర్పాటు ఉండేది. దానికి బదులు సంచీ, ట్యాగు, గుప్పెడు విత్తనం దాచుకోండని రైతుకే చెబుతున్నాం. కేసులో పరీక్ష అవసరమైతే ప్రయోగశాల రుసుము ముందుగా కట్టమని ఫిర్యాదుదారునే అడగవచ్చని చట్టంలో ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. చట్టం కొనేవాడికి దారి చాలా సులువు చేసిందని, ఆ సులువు తెలియకే జనం రావడం లేదని అంటారు. నిజమే, 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం అయిదు లక్షల రూపాయల లోపు విలువైన ఫిర్యాదుకు రుసుము లేదు. సరుకు ఎక్కడ కొన్నా తాను ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. కంప్యూటరు ద్వారా దాఖలు చేయవచ్చు, వీడియోలో వాదన వినమని కోరవచ్చు. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైనది అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఇవన్నీ మంచివే. అయితే రైతుకు కేసు ఖర్చు రుసుములో లేదు, రోజుల్లో ఉంది. హిందూపురం వైపు పల్లె నుంచి అనంతపురానికి నూరు కిలోమీటర్ల పైమాట. ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. గెలిచినా ఎదుటి కంపెనీకి రాష్ట్ర కమిషన్, ఆపైన ఇంకా మెట్లు ఉన్నాయి. వినియోగదారుల కమిషన్లలో అధ్యక్షుల, సభ్యుల ఖాళీలు నింపకుండా వదిలేసిన సంగతిని 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని, ఈ కమిషన్లు వద్దనుకుంటే చట్టాన్నే రద్దు చేసుకోండని ప్రభుత్వాన్ని మందలించాల్సి వచ్చింది. కుర్చీలు ఖాళీగా పెట్టింది రైతు కాదు. ‘దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు’ అన్నట్టున్న చోట వరం సంగతి జనానికి తెలియదని వాపోవడం ఏం న్యాయం?

ఈ చట్టంలోనే ప్రసంగాలు దాటేసే నిబంధనలు కొన్ని ఉన్నాయి. ఒకే రకంగా నష్టపోయిన చాలామంది తరఫున ఒకరిద్దరు కలిసి కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చు. నమోదైన వినియోగదారుల సంఘం చేయవచ్చు. అంతకన్నా ముఖ్యం, రాష్ట్ర ప్రభుత్వమే ఫిర్యాదుదారుగా కమిషన్ ముందు నిలబడవచ్చు. వినియోగదారుల సమూహానికి జరిగిన అన్యాయం మీద ఫిర్యాదు అందితే జిల్లా కలెక్టరు విచారణ జరిపి కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు. ఒక ఊళ్లో ఒకే లాటు విత్తనం యాభై పొలాల్లో చెడితే యాభై మంది విడివిడిగా ధైర్యం తెచ్చుకోవాల్సిన అవసరం లేదని దీని అర్థం. ఒక్కొక్కడూ తన అంగడాయనతో ముఖాముఖి తగువు పడనక్కర్లేదు, ఎవరి ఖాతా తెగిపోయే భయమూ ఉండదు. అప్పు భయాన్ని దాటే దారి చట్టంలో ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది. అయినా వేదికల మీద వినిపించేది ఒక్కో మనిషి మేలుకోవాలన్న మాటే. ప్రభుత్వం వాదిగా మేలుకోవాలని ఎవరూ అనరు.

బాధ్యతను అమ్మేవాడి వైపు తిప్పితే ఏం జరుగుతుందో ఊహించనక్కర్లేదు, రుజువు అదే మందులంగడిలో ఉంది. 2018 నుంచి దేశమంతటా సబ్సిడీ ఎరువును వేలిముద్ర యంత్రం మీద నమోదు చేసి అమ్ముతున్నారు. అంతకు రెండేళ్ల ముందే కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టారు. అమ్మకం యంత్రంలో ఎక్కితేనే ఎరువుల కంపెనీకి సబ్సిడీ సొమ్ము విడుదలవుతుంది. దాంతో ఎవరు, ఎన్ని బస్తాలు, ఏ తేదీన కొన్నారో నమోదవుతోంది, రసీదు పుడుతోంది. అదే అంగడి, అదే రైతు, అదే అప్పు ఖాతా. రైతుల్లో రాత్రికి రాత్రి చైతన్యం పొంగిపొర్లలేదు. కాగితం లేకపోతే కంపెనీకి డబ్బు రాదు కాబట్టి కాగితం పుట్టింది. పక్క అరలో ఉన్న విత్తన సంచికీ, పురుగుమందు సీసాకూ అలాంటి కట్టడి లేదు కాబట్టి అక్కడ ఇంకా చిత్తుచీటీనే నడుస్తోంది. ఎమ్మార్పీ కథా ఇదే. ప్యాకెట్టు మీద అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర కనిపిస్తున్నది, 1990లో నిబంధన మార్చి ఆ అచ్చు వేసే బాధ్యత తయారీదారు మీద పెట్టారు కాబట్టి. ప్రతి కొనుగోలుదారూ ధర అడిగి తెలుసుకోవాలని బోధిస్తూ కూర్చుంటే ఈనాటికీ సబ్బుబిళ్ల మీద ధర ఉండేది కాదు. యంత్రం అన్ని మోసాలనూ ఆపలేదన్నది నిజమే. లింకు అమ్మకం ఇంకా ఉంది. కారణం కూడా అదే. లింకు డబ్బా ఆ యంత్రం లెక్కలోకి రాదు.

ఇప్పుడు వ్యాపారి మాట వినాలి. అతడు అనేది ఇది: కంపెనీ పంపిన సీలు సంచీని మేం తెరిచి చూడలేం, లోపల ఏముందో మాకేం తెలుసు? మాకూ డిస్ట్రిబ్యూటరు దగ్గర అప్పే. రైతు బాకీలు కరువు సాలు మునిగిపోతే మునిగేది మేమే. ఇందులో చాలా నిజం ఉంది. అందుకే అవగాహన ఎవరికైనా నిజంగా అవసరమైతే మొదట ఇతడికి అవసరం. 2019 చట్టం సరుకు లోపాలకు బాధ్యతను తయారీదారు నుంచి అమ్మినవాడి దాకా పంచింది. తయారీదారు ఎవరో తేలకపోతే, లేదా అతడికి నోటీసు అందించే వీలు లేకపోతే, ఆ బాధ్యత అమ్మినవాడి మెడకు చుట్టుకుంటుంది. చిరునామా సరిగా లేని బయో మందు డబ్బాను చిత్తుచీటీ మీద అమ్మే చిన్న వ్యాపారి, కంపెనీ చేసిన పాపాన్ని తన పేరున రాయించుకుంటున్నాడు. లాటు నంబరుతో కొన్న బిల్లు, అదే నంబరుతో అమ్మిన బిల్లు ఉంటే వేలు కంపెనీ వైపు చూపగలడు. ఇలాంటి జీవ ఉద్దీపకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చాక ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. బిల్లు రాయడం కొనేవాడికి చేసే మేలని వ్యాపారి అనుకుంటున్నంత కాలం ఎగ్గొడతాడు. తన మెడ కాపాడే కాగితం అదేనని తెలిసిన రోజు మానడు. వర్తక సంఘాల సమావేశాల్లో చెప్పాల్సిన ఈ సంగతిని వదిలేసి, మనం కాలేజీ పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడుతున్నాం.

నిజాయితీగా అమ్మేవాడికి నియంత్రణ శత్రువు కాదనడానికి పట్టుచీరల ఊరు ధర్మవరం చాలు. చేనేతకు కేటాయించిన వస్త్రాల ఉత్పత్తిని కాపాడే చట్టం 1985 నుంచి ఉంది, చీర ఆ జాబితాలో ఉంది. అయినా మరమగ్గం మీద నేసిన చీరను చేనేత పట్టుగా అమ్మితే దూరాన బెంగుళూరులోనో హైదరాబాదులోనో కొనేవారికి చేత్తో తడిమి తేడా చెప్పడం కష్టం. సిల్క్ మార్కు చూడండి, చేనేత మార్కు చూడండి అని వాళ్లకు చెప్పడం మంచిదే. కాని సిల్క్ మార్కు చెప్పేది దారం పట్టుదా కాదా అన్నంతవరకే. మగ్గం ఏదో చెప్పదు. కొనేవారి కన్ను తప్పిపోయిన ప్రతిసారీ నష్టపోయేది వాళ్లొక్కరే కాదు, రోజుల తరబడి గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేసినవాడు కూడా, ఆ నేతను నమ్మి నిజం ధర చెప్పే అంగడివాడు కూడా. నకిలీ ధర దగ్గర అసలు ధర నిలవదు. కాబట్టి నిఘా మగ్గాల దగ్గర, టోకు అంగళ్ల దగ్గర ఉండాలి గాని, పెళ్లి చీర కొనుక్కునే ఇంటావిడ చూపుడువేలు మీద కాదు. మంచి వ్యాపారిని కాపాడని మార్కెట్టులో కొనేవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా చివరికి నాసి సరుకే మిగులుతుంది.

సరుకులే కాదు, సేవల్లోనూ ఇదే వరస. బోరు వేయించడం ఈ సీమలో చాలా కుటుంబాలకు ఇల్లు కట్టడం తర్వాతి పెద్ద ఖర్చు. తమిళనాడు తిరుచెంగోడు బళ్లు ఊరూరా తిరుగుతాయి. అడుగుకు ఇంత, కేసింగుకు ఇంత అని మాట. ఎన్ని అడుగులు దిగిందన్నది బండివాళ్లు దించిన రాడ్ల లెక్కే. రాత్రిపూట ఆగకుండా సాగే పనిలో, దుమ్ములో రాడ్లు లెక్కపెడుతూ కూర్చున్న రైతు నిద్రపోతున్నాడని ఎవరైనా అనగలరా? నీళ్లు పడకపోవడం సేవాలోపం కాదు, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. దిగని అడుగులకు డబ్బు తీసుకోవడం మాత్రం మోసమే. బండి జిల్లా దాటిపోయాక చేతిలో కాగితం ముక్క లేకుండా అది రుజువు కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు బళ్లు నమోదు కావాలి, బోరుకు అనుమతి ఉండాలి. అనుమతి ఇచ్చే కార్యాలయమే లోతు, కేసింగు, వసూలు చేసిన సొమ్ము రాసి సంతకం చేసిన కాగితం ఇచ్చి కదలమని షరతు పెడితే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, సభా అక్కర్లేదు.

ఇలా అంటే, ఇన్‌స్పెక్టర్ల రాజ్యం తెస్తారా, తనిఖీ పేరుతో మామూళ్లు పెరగవా, ఆ భారం తిరిగి రైతు మీదే పడదా అని అడుగుతారు. తనిఖీ అంటే లంచమన్న అనుభవం నుంచి వచ్చిన ప్రశ్న ఇది, దీనికి జవాబు చెప్పాలి. మామూలు పుట్టేది రహస్యం దగ్గర. ఏ అంగడి నుంచి ఏ రోజు ఏ లాటు నమూనా తీశారో, ఫలితం ఏమొచ్చిందో మండల కార్యాలయం గోడ మీద, రైతు సేవా కేంద్రంలో తెలుగులో అతికిస్తే బేరానికి చోటు తగ్గుతుంది. కాటాలకు వేసే తూనికల శాఖ ముద్ర తేదీని కొనేవాడి వైపు కనబడేలా ఉంచితే, ముద్ర వేయనివాడు దొరికిపోతాడు. అయినా లంచం పూర్తిగా పోదు. అయితే లంచం తీసుకునే వీలున్న అధికారి కన్నా పని చేయని అధికారి మేలని తేల్చేస్తే, అప్పులో ఉన్న కొనుగోలుదారుకూ అప్పిచ్చినవాడికీ నడుమ ఇక ఎవరూ మిగలరు. ఆ ఇద్దరిలో గెలిచేది ఎవరో వేరే చెప్పాలా?

అవగాహన అక్కర్లేదన్నది ఈ వాదన కాదు. పనికొచ్చే అవగాహన వేరు. వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేస్తే ఏమవుతుందో, మొలక చెడితే ఎన్నాళ్లలోపు వ్యవసాయాధికారికి రాసి ఇచ్చి పొలం చూపించాలో, ఆ పంచనామా నకలు ఎలా తీసుకోవాలో, రెండేళ్ల గడువు ఎప్పటి నుంచి లెక్కో, ఊరివాళ్లంతా కలిసి ఒకే ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పాలి. ఒంటరిగా నిలవలేని మాట పొదుపు సంఘంలో పదిమంది నోట నిలుస్తుంది, కాబట్టి సంఘాలకు చెప్పాలి. పోయిన సాలు ఈ జిల్లాలో ఎన్ని నమూనాలు తీశారు, ఎన్ని తప్పాయి, ఎందరి లైసెన్సు ఆగింది, ఎందరికి పరిహారం వచ్చింది అన్న లెక్క అదే వేదిక మీద అధికారి చదవాలి. ఆ లెక్క లేని సభలో రైతుకు నేర్పేది ఏమీ లేదు. ఈ జిల్లాల్లో వినియోగదారుల దినోత్సవం ఇకపై ప్రసంగాలతో కాదు, ఒక ప్రశ్నతో మొదలవ్వాలి: ఈ ముంగారులో అప్పుకు అమ్మిన విత్తనంలో ఎంతకు అప్పు రసీదు రాశారు? జవాబు చెప్పాల్సింది లైసెన్సు ఇచ్చిన శాఖ, లైసెన్సు పొందిన అంగడి. వాళ్లు జవాబు చెప్పగలిగిన సాలున, కొనేవాడికి హక్కుల గురించి ఎవరూ పాఠం చెప్పాల్సిన అవసరం ఉండదు. చెప్పలేకపోతే ఎన్ని పాఠాలు చెప్పినా లాభం లేదు.